విశాఖలో సెకండ్ హ్యాండ్ కాంపాక్ట్ ఎస్‌యూవీ కొనేముందు ఏం చూడాలి, ఎలా చూడాలి

సెకండ్ హ్యాండ్‌లో బ్రెజ్జా మంచిదా నెక్సాన్ మంచిదా, ఎకోస్పోర్ట్ తక్కువలో వస్తోంది తీసుకోమంటారా అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: మోడల్ సంగతి తర్వాత, ముందు ఆ బండి ఇన్నేళ్లూ ఎక్కడ నిలబడిందో కనుక్కోండి. ఒకే ఏడాది ఒకే షోరూం నుంచి రెండు బళ్లు బయటికొచ్చాయనుకోండి, ఒకటి సీతమ్మధారలో సెల్లార్‌లో ఉంది, ఇంకొకటి పెదజాలారిపేట వైపు సముద్రానికి ఎదురుగా ఇంటి బయట ఉంది. ఐదారేళ్లు గడిచేసరికి అవి రెండూ వేరు వేరు బళ్లు అయిపోతాయి. పైన రంగు ఒకేలా మెరుస్తుంది, తేడా అంతా కిందే ఉంటుంది. ఢిల్లీలోనో బెంగళూరులోనో తీసిన రివ్యూ వీడియోల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు, ఎందుకంటే అక్కడ ఉప్పుగాలి లేదు.

కాంపాక్ట్ ఎస్‌యూవీ అంటే ఇక్కడ ఎక్కువగా నాలుగు మీటర్లలోపు బళ్ల గురించే మాట్లాడుతున్నాను. నాలుగు మీటర్లలోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకపోతే పన్ను తక్కువ కాబట్టే ఈ క్లాసులో చిన్న టర్బో ఇంజిన్లు అన్ని వచ్చాయి. కొంచెం పెద్దవైన డస్టర్, క్రెటా, సెల్టోస్‌కి కూడా ఈ పద్ధతే పనికొస్తుంది.

1. ఇంట్లోంచి కదలకముందే

అమ్మేవాళ్లని మొదట బండి నంబరు అడగండి. ఇవ్వడానికి నీళ్లు నమిలితే ఆ బండి వదిలేయండి, ఊళ్లో ఇంకా చాలా ఉన్నాయి. నంబరు దొరికితే ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి. రిజిస్ట్రేషన్ తేదీ, ఎన్నో ఓనరు, లోన్ ఇంకా నడుస్తోందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది, ఇవన్నీ అక్కడే తెలుస్తాయి. చలాన్లు విడిగా ఈ-చలాన్ సైట్‌లో చూసుకోండి.

ఏపీ 31 అంటే విశాఖ బండి అని అందరికీ తెలుసు. 2019 నుంచి మాత్రం రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఒకటే సిరీస్ ఇచ్చారు కాబట్టి, ఆ ప్లేటు చూసి మన ఊరి బండే అనుకోవడానికి లేదు. అది 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదలో మునిగిన విజయవాడ సింగ్‌నగర్ బండి అయినా కావచ్చు. ఆర్‌సీ మీద ఏ రవాణా కార్యాలయంలో రిజిస్టర్ అయిందో రాసి ఉంటుంది, అది చదవండి. తెలంగాణ బండి అయితే అక్కడి నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, ఆ ఖర్చు ఎవరిదో బేరం మొదలుపెట్టకముందే తేల్చుకోండి. హైదరాబాద్‌లో రెండు లక్షలు తక్కువకి వచ్చిందని మురిసిపోయి తెచ్చుకున్నాక ఆ తేడా ట్యాక్స్‌కే సరిపోయినవాళ్లు ఉన్నారు.

తర్వాత ఛాసిస్ నంబరు కావాలి. 17 అక్షరాలూ అంకెలూ కలిసి ఉంటుంది, ఆర్‌సీలో ఉంటుంది, బండి మీద చెక్కి కూడా ఉంటుంది. ఫోటో తీసి పంపమనండి. తర్వాత చేయాల్సిన పనంతా దీనితోనే.

2. రీకాల్ సంగతి తేల్చుకోవడం

రీకాల్ (తయారీ లోపమున్న బళ్లని కంపెనీ వెనక్కి పిలిచి సరిచేయడం) అన్న మాట వినగానే ఆ మోడల్ పనికిరాదని పక్కన పెట్టేస్తారు చాలామంది. నాకైతే రీకాల్ వచ్చి, షోరూంకి వెళ్లి, పార్టు మార్పించుకుని కాగితం తెచ్చుకున్న బండి మీదే నమ్మకం ఎక్కువ. అసలు చిక్కు ఎక్కడంటే, రీకాల్ మెసేజ్‌లు కంపెనీ దగ్గరున్న ఫోన్ నంబరుకి వెళ్తాయి, ఆ నంబరు మొదటి ఓనరుది. ఆయన బండి అమ్మేసి ఉంటాడు, మెసేజ్ చూసి వదిలేస్తాడు. కొన్న ఆయన బయట మెకానిక్ దగ్గర సర్వీస్ చేయించుకుంటాడు. అలా లోపం ఉన్న పార్టుతోనే బండి మూడో చేతికి వస్తుంది.

మన దేశంలో వాహన కంపెనీల సంఘం సియామ్ స్వచ్ఛంద రీకాల్ విధానాన్ని 2012లో మొదలుపెట్టింది. తర్వాత 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఏ సెక్షన్ పెట్టారు. 2021 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వమే తప్పనిసరి రీకాల్‌కి ఆదేశించే నిబంధనలు వచ్చాయి. తయారై ఏడేళ్లు దాటని బళ్లకి ఇది వర్తిస్తుంది, కంపెనీకి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఏడేళ్లు దాటిన బండి అయినా కంపెనీ తనంతట తాను ప్రకటించిన రీకాల్ ఏదైనా పెండింగ్‌లో ఉంటే అడిగి చూడండి. రీకాల్ పనికి డబ్బు తీసుకోరు, మీరు ఎన్నో ఓనరైనా సరే.

చూడ్డం ఎలా అంటే, చాలా పెద్ద కంపెనీల సైట్లలో ఛాసిస్ నంబరు కొడితే ఆ బండికి రీకాల్ ఉందో లేదో చెప్పే పేజీ ఉంటుంది. సియామ్ సైట్‌లో కూడా రీకాల్ జాబితా ఉంది. ఇంకా నమ్మకమైన దారి, ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి స్వయంగా వెళ్లి సర్వీస్ అడ్వైజర్‌ని రెండు మాటలు అడగడం: ఈ ఛాసిస్ మీద పెండింగ్ రీకాల్ ఉందా, పెండింగ్ సర్వీస్ క్యాంపెయిన్ ఉందా. రెండో మాట మర్చిపోవద్దు. అన్నిటికీ రీకాల్ అని పేరు పెట్టరు, చాలా లోపాల్ని సర్వీస్‌కి వచ్చినప్పుడు క్యాంపెయిన్ కింద సరిచేసి పంపిస్తారు, పేపర్లో ఎక్కడా రాదు. పాత సర్వీస్ రికార్డు కూడా అడగండి. బయటివాళ్లకి ఇవ్వం అంటే ఓనరుని వెంటబెట్టుకుని వెళ్లండి.

కొన్ని రీకాల్‌లు ఈ క్లాసులో బళ్లు చూసేవాళ్లకి బాగా పనికొస్తాయి. 2021 సెప్టెంబర్‌లో మారుతి సుజుకి 1,81,754 పెట్రోల్ బళ్లని వెనక్కి పిలిచింది, అందులో విటారా బ్రెజ్జా ఉంది, ఎర్టిగా, సియాజ్, ఎస్-క్రాస్, ఎక్స్‌ఎల్6 కూడా ఉన్నాయి. 2018 మే 4 నుంచి 2020 అక్టోబర్ 27 మధ్య తయారైన బళ్లవి, మోటార్ జనరేటర్ యూనిట్‌లో లోపం. పార్టు మార్చేవరకు నీళ్లు నిలిచిన రోడ్లలో నడపొద్దని, ఎలక్ట్రికల్ భాగాల మీద నేరుగా నీళ్లు కొట్టొద్దని కంపెనీ అప్పట్లో చెప్పింది. వానొస్తే జ్ఞానాపురం అండర్‌పాస్ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి ఈ హెచ్చరిక బరువు వేరే చెప్పక్కర్లేదు. కొత్త బ్రెజ్జా చూస్తుంటే 2022 నవంబర్‌లో తయారైన బళ్ల ముందు సీటు బెల్టు ఎత్తు సర్దుకునే భాగానికి ఒక రీకాల్, 2022 డిసెంబర్ 8 నుంచి 2023 జనవరి 12 మధ్య తయారైనవాటి ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్‌కి ఇంకోటి ఉన్నాయి. ఎయిర్‌బ్యాగ్ రీకాల్ పెండింగ్‌లో ఉన్న బండిలో పిల్లల్ని ఎక్కించకండి, ముందు ఆ పని చేయించండి.

హోండా డబ్ల్యూఆర్-వీ చూస్తుంటే ఫ్యూయల్ పంపు గురించి అడగండి. 2021 ఏప్రిల్‌లో 77,954 హోండా బళ్లకి, 2024 అక్టోబర్‌లో మళ్లీ 90 వేలకి పైగా బళ్లకి ఇదే పంపులోని ఇంపెల్లర్ (ఇంధనాన్ని తోసే చిన్న చక్రం) లోపం వల్ల రీకాల్ వచ్చింది, రెండింట్లోనూ డబ్ల్యూఆర్-వీ ఉంది. ఆ పంపు పాడైతే ఇంజిన్ నడుస్తూ నడుస్తూ ఆగిపోవచ్చు, లేదా స్టార్ట్ కాకపోవచ్చు. హైవే మీద లారీల మధ్య ఆగిపోవడం ఎంత ప్రమాదమో ఊహించుకోండి. క్రెటా ఆటోమేటిక్ అయితే 2023 ఫిబ్రవరి నుంచి జూన్ మధ్య తయారైన 1.5 పెట్రోల్ సీవీటీ (గేర్ల బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) బళ్లకి ఆయిల్ పంపు కంట్రోలర్ రీకాల్ ఉంది, సెల్టోస్ సీవీటీకి కూడా అదే కథ.

3. మోడల్‌ని బట్టి ఎక్కడ వేలు పెట్టాలి

ఎకోస్పోర్ట్ గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ధర తక్కువ, నడపడానికి బాగుంటుంది, అందుకే అందరికీ మనసు లాగుతుంది. 2013లో వచ్చింది, 2021 సెప్టెంబర్‌లో ఫోర్డ్ ఇండియాలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. సర్వీస్ దొరుకుతోంది, కానీ కొన్ని విడిభాగాల కోసం ఎదురుచూడాల్సి వస్తుంది, అది ధరలో కోసుకోవాలి. ఇందులో 1.0 ఎకోబూస్ట్ టర్బో పెట్రోల్ ఇంజిన్ ఉంటే కూలెంట్ పైపులు ముఖ్యం. పైపు పగిలి కూలెంట్ పోతే ఇంజిన్ వేడెక్కి సిలిండర్ హెడ్ దాకా పోతుంది. పైగా ఆ ఇంజిన్‌లో టైమింగ్ బెల్టు (వాల్వులని వేళకి తిప్పే బెల్టు) ఇంజిన్ ఆయిల్‌లోనే తిరుగుతుంది. చెప్పిన గ్రేడ్ కాకుండా ఏదో ఒక ఆయిల్ పోస్తూ వచ్చిన బండి అయితే బెల్టు నాని పెళుసుబారి, ఆ ముక్కలు ఆయిల్ దారికి అడ్డం పడతాయి. కాబట్టి ఆయిల్ బిల్లులు లేని ఎకోబూస్ట్ వద్దు. 2017కి ముందు పెట్రోల్ ఆటోమేటిక్‌లో ఉన్నది పవర్‌షిఫ్ట్ డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్, దాని మీద చాలా దేశాల్లో ఫిర్యాదులు వచ్చాయి, నేనైతే ఎంత తక్కువకిచ్చినా తీసుకోమని చెప్పను. 1.5 డీజిల్ మాన్యువల్ మంచి ఇంజిన్, టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు చూపిస్తే చాలు. మొదటి బ్యాచ్ బళ్లకి వెనక సస్పెన్షన్ బోల్టుల రీకాల్, 2017 మధ్యలో తయారైన కొన్నిటికి ముందు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి పట్టి ఉంచే కింది చెయ్యి) వెల్డింగ్ రీకాల్ వచ్చాయి. ఉప్పుగాలి ఊళ్లో సస్పెన్షన్ వెల్డింగ్ అంటే ఆ రీకాల్ అయిందో లేదో రెండుసార్లు అడగాల్సిందే.

డస్టర్ డీజిల్‌ది కూడా బెల్టు ఇంజినే. అరకు ఘాట్‌కి, పాడేరు రోడ్లకి ఆ సస్పెన్షన్ తట్టుకున్నట్టు ఈ తరగతిలో ఇంకేదీ తట్టుకోదని నా అభిప్రాయం, కాకపోతే 2022లో అమ్మకాలు ఆగిన పాత డస్టర్ కాబట్టి పార్టులు దొరికే దారి ముందే చూసుకోండి.

విటారా బ్రెజ్జా 2016లో వచ్చినప్పటి నుంచి 2020 దాకా 1.3 డీజిల్. అది బెల్టు కాదు, చెయిన్. ఆయిల్ టైముకి మార్చకుండా తిప్పిన బండిలో పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు చెయిన్ గలగలమంటుంది, రెండు మూడు సెకన్లు వినపడి తగ్గిపోతుంది, కాబట్టి చెవి అప్పుడే పెట్టాలి. క్లచ్ కూడా చూడండి, టర్బో అందుకునేలోపు హాఫ్ క్లచ్‌లో లాగే అలవాటున్నవాళ్ల చేతిలో తొందరగా అరుగుతుంది. 2020లో వచ్చిన 1.5 పెట్రోల్ సాదాసీదా ఇంజిన్, దానికి పైన చెప్పిన రీకాల్ ఒక్కటి తేలితే పెద్ద టెన్షన్ ఉండదు.

నెక్సాన్ 2017 సెప్టెంబర్‌లో వచ్చింది, 2018 డిసెంబర్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో 5 స్టార్లు తెచ్చుకుంది. బాడీ గట్టిది. స్క్రీన్, కెమెరా, సెన్సర్లు, పవర్ విండోలు ఒక్కొక్కటీ నొక్కి చూడండి, ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తానే మార్చుకునే గేర్‌బాక్స్) అయితే ఎత్తు రోడ్డు మీద ఆపి బ్రేక్ వదిలి చూడండి. ఎక్స్‌యూవీ300 కూడా 5 స్టార్ల బండే. 2019 మే వరకు తయారైన కొన్నిటికి సస్పెన్షన్ భాగం రీకాల్ ఉంది.

వెన్యూ, సోనెట్‌లలో 1.2 పెట్రోల్ మాన్యువల్ అయితే ఎక్కువ ఆలోచించక్కర్లేదు. 1.0 టర్బోకి జోడించిన 7 స్పీడ్ డీసీటీ (డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్)లో క్లచ్‌లు పొడివి, ఆయిల్‌లో ఉండవు. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకితే వేడెక్కుతాయి. రోజూ గాజువాక నుంచి సిరిపురం ఆఫీసుకి తిరిగిన డీసీటీ, వారానికోసారి రాజమండ్రి వెళ్లొచ్చిన డీసీటీ ఒకటి కావు, మీటర్‌లో కిలోమీటర్లు సమానంగా ఉన్నా సరే.

ఇక ఏ కంపెనీదైనా 2020 ఏప్రిల్ తర్వాతి డీజిల్, అంటే బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం), అయితే డీపీఎఫ్ గురించి తెలుసుకోకుండా డబ్బు ఇవ్వకండి. పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టర్ అది. ఆ మసి కాలిపోవాలంటే బండి హైవే మీద కాసేపు ఆగకుండా నడవాలి. ఎంవీపీ కాలనీ నుంచి మద్దిలపాలెం, అక్కడి నుంచి ఇంటికి, ఇంతే తిరిగిన డీజిల్‌లో మసి కాలడం మొదలవుతుంది, మధ్యలో ఇంజిన్ ఆపేస్తారు, అలా సగంలో ఆగిన ప్రతిసారీ కొంత డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. పట్టుకోవడం తేలిక: డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ గరిష్ఠ గీత దాటి పైకి ఉండి, వాసన చూస్తే డీజిల్ కొడుతుంటే ఆ బండి ఊళ్లోనే నలిగిందని అర్థం. ఆయిల్ తగ్గితే భయపడాలని అందరికీ తెలుసు, ఈ బళ్లలో పెరిగినా భయపడాలి.

4. తుప్పు: ఇక్కడ తొందరపడొద్దు

ఈ ఒక్క పనికే అరగంట పెట్టండి, పగటి పూటే వెళ్లండి. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, రుషికొండ, భీమిలి వైపు పార్క్ చేసిన బళ్లకి ఉప్పుగాలి, పోర్టు వైపు బళ్లకి దాంతోపాటు బొగ్గు, ఖనిజం ధూళి. ఆ ధూళి తేమని పట్టి ఉంచుతుంది, తుప్పు ఇంకా తొందరగా ఎక్కుతుంది.

మా మేనల్లుడి కోసం రుషికొండ వైపు ఒక బండి చూడ్డానికి వెళ్లాం. పైన ఒక్క గీత లేదు. కింద నల్లటి అండర్‌బాడీ కోటింగ్ కొత్తగా కొట్టారు, వాసన ఇంకా పోలేదు. ఆటోనగర్ నుంచి తీసుకెళ్లిన మెకానిక్ బండిని లిఫ్ట్ మీద పెట్టించి, స్క్రూడ్రైవర్ పిడితో ముందు లోయర్ ఆర్మ్ బిగించే చోట సబ్‌ఫ్రేమ్ మీద టకటకమని కొట్టుకుంటూ పోయాడు. ఒక చోట శబ్దం మారింది, మొద్దుగా వచ్చింది. మొనతో అక్కడ గీకితే నల్ల పొరతో సహా తుప్పు పెచ్చులు అరచేతిలోకి రాలాయి. ఓనరు గారు "సముద్రం పక్కన ఇల్లు కదండీ, మామూలే" అన్నారు. నట్ల మీద, సైలెన్సర్ మీద, బ్రేక్ డిస్కుల మీద పైపైన ఎర్రబడటం నిజంగానే మామూలే. సస్పెన్షన్ భారం మోసే చోట పెచ్చులు రాలడం మామూలు కాదు, ఆ బండి వదిలేశాం.

కాబట్టి కొత్తగా కొట్టిన నల్ల కోటింగ్ కనపడితే సంతోషించకండి, ఎందుకు కొట్టారో అడగండి. చూడాల్సిన చోట్లు: లోయర్ ఆర్మ్‌ల వెల్డింగ్, వెనక యాక్సిల్ బీమ్, ఇనప బ్రేక్ పైపులు, డోర్ల అడుగు అంచులు, స్టెప్నీ కింద గుంట, బానెట్ మడత బోల్టులు, బ్యాటరీ కింద ట్రే, ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ వైరు చివర. ఈ ఎర్త్ వైరుని ఎవరూ పట్టించుకోరు, కానీ డ్యాష్‌బోర్డులో ఊరికే లైట్లు వెలగడం, పొద్దున్నే స్టార్ట్ కాకపోవడం లాంటి ఎలక్ట్రికల్ సమస్యల్లో ఉప్పు పట్టిన ఆ ఒక్క బోల్టే కారణమైన సందర్భాలు చాలా ఉంటాయి. ముందు గ్రిల్‌లోంచి టార్చి వేసి ఏసీ కండెన్సర్ చూడండి, సన్న రేకులు తెల్లగా పొడిపొడి అవుతుంటే గ్యాస్ లీకు రావడానికి ఎక్కువ రోజులు పట్టదు. ఇంకో మాట, మామూలు జాక్ మీద లేపిన బండి కిందకి ఎవరూ దూరకండి, లిఫ్ట్ లేదా స్టాండ్లు ఉన్న చోటికే తీసుకెళ్లండి.

2014కి ముందు బండి అయితే ఇంకో ప్రశ్న ఉంటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో ఎన్నో చెట్లు బళ్ల మీద పడ్డాయి. అందుకని అలాంటి బండికి పైకప్పు, పిల్లర్ల దగ్గర టింకరింగ్ జరిగిందేమో చూడండి. చిన్న అయస్కాంతం గుడ్డలో చుట్టి బాడీ మీద జరిపితే లప్పం మందంగా ఉన్న చోట పట్టు సడలుతుంది.

5. నీళ్లలో మునిగిందా

చెన్నైలో 2015, 2023 డిసెంబర్లలో, హైదరాబాద్‌లో 2020 అక్టోబర్‌లో, విజయవాడలో 2024లో మునిగిన బళ్లు ఊరు మారి అమ్ముడుపోతూ ఉంటాయి. సీటు బెల్టుని ఆఖరి దాకా, రీలు ఖాళీ అయ్యేదాకా లాగండి. పైన ఉన్న రెండు మూడు అడుగులు ఎవరైనా ఉతుకుతారు, లోపల చుట్టుకుని ఉన్న భాగంలో మట్టి గీత అలాగే ఉండిపోతుంది. ముందు సీటు వెనక్కి జరిపి కింద పట్టాల బోల్టులు చూడండి, కార్పెట్ మూల ఎత్తి వేలితో నొక్కి వాసన చూడండి. బండిలో సెంటు ఘాటుగా కొడుతుంటే అద్దాలు మూసి ఎండలో కాసేపు ఉంచి మళ్లీ ఎక్కండి, అసలు వాసన అప్పుడు బయటికొస్తుంది. ఫ్యూజు బాక్సులో కనెక్టర్లు ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంటే ఇక మాట్లాడే పని లేదు.

6. చల్లటి ఇంజిన్‌ని చూడాలి

మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు పొద్దున్నే వస్తామని చెప్పి వచ్చేయండి. చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ ట్యాంకు మూత తీయాలి, వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. కూలెంట్ మీద నూనె తెట్టు, ఆయిల్ మూత కింద పాలలాంటి నురగ కనపడితే హెడ్ గాస్కెట్ (ఆయిల్, కూలెంట్ కలవకుండా ఆపే సీలు) పోయిందని అనుమానం. కూలెంట్ బదులు మామూలు నీళ్లు పోసి ఉంటే కూడా ఆ ఓనరు బండిని ఎలా చూసుకున్నాడో తెలిసిపోతుంది.

స్టార్ట్ చేశాక పొగ చూడండి. నీలం రంగు ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది, ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ తీపి వాసనతో వస్తే కూలెంట్ కాలుతోంది, డీజిల్‌లో గట్టిగా రేజ్ చేసినప్పుడు నల్ల పొగ గుప్పుమంటే ఇంజెక్టర్లనో టర్బోనో చూపించాలి.

7. టెస్ట్ డ్రైవ్

వీధి చివరదాకా వెళ్లి రావడం టెస్ట్ డ్రైవ్ కాదు. మూడు రకాల రోడ్లు కావాలి, మన ఊళ్లోనే మూడూ దొరుకుతాయి.

మొదట అడవివరం నుంచి సింహాచలం కొండ ఎక్కించండి. ఏసీ వేసి, మీరు నలుగురు కూర్చుని, రెండో గేరులో. ఉష్ణోగ్రత ముల్లు మధ్యలోంచి కదలకూడదు, క్లచ్ కాలిన వాసన రాకూడదు, ఇంజిన్ గోల పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోందన్నమాట. దిగేటప్పుడు బ్రేక్ నొక్కితే స్టీరింగ్ వణుకుతోందా చూడండి. ఏఎంటీ, డీసీటీ అయితే ఎక్కేటప్పుడు ఒక వారగా ఆపి మళ్లీ కదిలించండి, వెనక్కి ఎంత జారుతుందో చూడండి.

తర్వాత హైవే, కొమ్మాది దాటాక ఆనందపురం వైపు. 80లో స్టీరింగ్ ఒక్క క్షణం వదులుగా పట్టుకుంటే ఒక పక్కకి లాగకూడదు. ఐదో గేరులో 50 నుంచి తొక్కితే టర్బో సాఫీగా అందుకోవాలి. అద్దాలు దించి వినండి, చక్రం బేరింగ్ పాడైతే వేగంతోపాటు ఊం అని పెరుగుతుంది.

చివరికి సాయంత్రం పూట గాజువాక జంక్షన్‌లోనో పూర్ణా మార్కెట్ దగ్గరో పావుగంట పాకించండి. డీసీటీ అయితే అసలు పరీక్ష ఇదే. కదిలేటప్పుడు వణుకు, ఉలికిపాటు, డ్యాష్‌బోర్డులో గేర్‌బాక్స్ వేడెక్కిందన్న హెచ్చరిక వస్తే ఆ బండి మీది కాదు. స్పీడ్ బ్రేకర్లు మెల్లగా ఎక్కిస్తూ టక్ టక్ శబ్దం వినండి, లింక్ రాడ్లు, బుష్‌లు అయితే చిన్న ఖర్చే, స్టీరింగ్ రాక్ నుంచి వస్తే పెద్దది.

8. స్కానర్, మెకానిక్, బేరం

సొంత మెకానిక్ లేకపోతే ఆ కంపెనీ బళ్లే ఎక్కువ చూసే మనిషిని ఆటోనగర్‌లో వెతికి, ఆయన ఒక పూట పనికి డబ్బిచ్చి తీసుకెళ్లండి. ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లో నమోదైన తప్పులు చదివే పరికరం) ఉన్నాయనైతే మరీ మంచిది. తప్పుల కోడ్‌లు మనం వెళ్లే ముందే చెరిపేసి ఉండొచ్చు, కాబట్టి టెస్ట్ డ్రైవ్ అయ్యాక మళ్లీ చదివించండి. కొన్ని బళ్లలో మీటర్ వెనక్కి తిప్పినా లోపలి కంట్రోల్ యూనిట్‌లో అసలు కిలోమీటర్లు ఉండిపోతాయి, అదీ చూడమనండి. స్కానర్ లేకపోయినా పెడల్ రబ్బరు, స్టీరింగ్ అంచు, డ్రైవరు సీటు కుడి వార అరుగుదల చూస్తే ముప్పై వేలు తిరిగిందో లక్ష తిరిగిందో తెలుస్తుంది. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. ఐదు టైర్లకీ చదవండి, స్టెప్నీతో సహా.

మెకానిక్ చెప్పిన పనులన్నీ ఖర్చులతో సహా ఒక కాగితం మీద రాయించి అమ్మేవాళ్ల ముందు పెట్టండి. పాత బళ్లు అమ్మే కన్సల్టెన్సీ వాళ్లైనా, నేరుగా ఓనరైనా, నోటి మాట కంటే ఆ కాగితానికే దిగొస్తారు.

9. కాగితాలు

పేరు మార్పుకి ఫారం 29, ఫారం 30, లోన్ ఉంటే దాన్ని ఆర్‌సీలోంచి తీయించడానికి బ్యాంకు ఎన్‌ఓసీతోపాటు ఫారం 35. రెండు తాళాలూ తీసుకోండి. ఛాసిస్ నంబరు బండి మీద, ఆర్‌సీలో, ఇన్సూరెన్స్‌లో అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. పేరు మారేదాకా కొంత డబ్బు ఆపి ఉంచుతామని ముందే రాసుకోండి. ఇన్సూరెన్స్ మీ పేరుకి 14 రోజుల్లో మార్పించుకోవాలి, అది ఆలస్యం చేస్తే బండికి జరిగే నష్టానికి క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, మీకు రాదు, ప్రీమియం ఆ లెక్కన వేసుకోండి.

10. కొన్న మొదటి వారం

ఇంజిన్ ఆయిల్, అన్ని ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్పించండి, వాళ్లు మొన్ననే మార్చామన్నా సరే. బెల్టు ఇంజిన్ అయి బిల్లు లేకపోతే బెల్టు కూడా. పాత పెట్రోల్ బళ్లు చాలావరకు ఈ10 (10 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌కి తయారైనవి, ఇప్పుడు బంకుల్లో ఈ20 (20 శాతం ఇథనాల్) వస్తోంది కాబట్టి ఫ్యూయల్ పైపుల రబ్బరు ఒకసారి చూపించండి. కింద భాగం మంచినీళ్లతో ప్రెజర్ వాష్ చేయించి, పూర్తిగా ఆరాక, తుప్పు గీకించాకే కోటింగ్ కొట్టించండి. తుప్పు మీద కొట్టిన కోటింగ్ కింద తుప్పు నిశ్శబ్దంగా పెరుగుతూనే ఉంటుంది. సముద్రం దగ్గర ఉండేవాళ్లు తడి బండి మీద కవరు కప్పకండి, ఉప్పు తేమ లోపలే ఉండిపోతుంది.

అదే వారంలో కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఆర్‌సీ, ఆధార్ కాపీ తీసుకెళ్లి, ఆ ఛాసిస్ నంబరు మీదున్న పాత ఓనరు పేరు, ఫోన్ నంబరు తీసేసి మీవి పెట్టించండి. పైసా ఖర్చు లేదు, పది నిమిషాల పని. ఇకపై ఆ బండికి ఏ రీకాల్ వచ్చినా మెసేజ్ మీ ఫోన్‌కే వస్తుంది.